అరుగుదల పద్దు

మీటరు నాలుగొందల పన్నెండు గంటలు చూపిస్తుండాది.
సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా సగం అట్నే ఉంది.
ముందు అద్దం కింద పసుపు బొట్లు చెరగలా.
దామరమడుగు రోడ్డు పక్క నా షెడ్డుకి
లారీ ఎక్కి వచ్చింది కొత్త చైను మిషను,
నడవలేక.

"కొత్తది అన్నా, నెల తిరగలా."
ఏడుకొండలు మూడోసారి అంటుండాడు.
నేను పలకలా.
చైను విప్పించి, డీజిలుతో కడిగి,
స్ప్రాకెట్టు పన్ను మీద బొటనవేలు ఆనించినా.

చిటికెనవేలి కొసలా గుండ్రంగా ఉండాల్సింది
కొక్కెమై పక్కకి వాలింది.
వాలిన తీరే చెప్పింది అంతా:
కయ్యలు చిన్నవి, మలుపులెక్కువ,
గెనెం కాడ ఆగడం, వెనక్కి లాగడం, మళ్ళీ దూకించడం.

కంపెనీ మనిషి ఫోటోలు తీసుకొని పోయినాడు.
"మామూలు అరుగుదల" అని కాయితమొచ్చింది.
వాళ్ళు నడిపి చూసుకున్న నేల
చెప్పుకి అంటుకోని నేల అయ్యుంటది.
ఇక్కడ కాలవ కట్టేసి వారమైనా
కయ్య మోకాటి దాకా పట్టుకుంటది, వదలదు.
వరి నూగూ సన్న ఇసకా
సీలు పెదవి సందున దూరి గ్రీజులో కలిస్తే
కందెన కాస్తా సానముద్ద అవుతది.
నున్నగా తిప్పాల్సిందే
రోజంతా బేరింగుని నూరుతుంటది.

స్టోన్‌హౌస్‌పేట నుంచి జిలానీ వచ్చినాడు, కొలతలకి.
"పంటికి గట్టి వెల్డింగు పోసేద్దాం భాయ్,
రాయి అయిపోద్ది."

పోసినా నేను, ఒకప్పుడు.
వావిళ్ళ కాడ ఒక పాత మిషనుకి.
పన్ను చెక్కుచెదరలా.
రబ్బరు చైన్ని మాత్రం
ఒక్క ఎడగారులో నమిలేసింది.
చైను ఖరీదు వినిన ఆ రైతు
నా షెడ్డు ముందర చెప్పులు విడిచి కూర్చున్నాడు,
చాలాసేపు.

అప్పట్నుంచీ ఒకటే లెక్క నాది.
ఏదో ఒకటి అరక్క తప్పదు.
ఏది అరగాలో ముందే మనం తేల్చుకోవాల.
ఖరీదైనదాని పక్కన చవకదాన్ని పెట్టాల,
మెత్తదాన్ని,
పోతే ఇంకోటి దొరికేదాన్ని.

అందుకని పళ్ళచక్రాన్ని
రెండు తునకలుగా కోయించినా.
ఇరుసు విప్పబళ్ళా, ఆరు బోల్టులు చాలు.
ఒక పక్క అరిగితే తిప్పి బిగించుకోవచ్చు.
రోలర్లకి గన్‌మెటలు బుష్షు,
సీలుకి రెండో పెదవి.
గ్రీజు నిపిలు ఎక్కడో పొట్టలో దాచినారు మహానుభావులు,
రాగి గొట్టం వేసి బయటికి లాగినా,
చీకట్లో తడిమినా చేతికి తగిలేట్టు.

ఇదంతా జరుగుతున్న రెండు రోజులూ
మిషను నీడలో గోతం పరుచుకొని
డ్రైవరు తంగదురై పడి నిద్రపోయినాడు.
ఆత్తూరు పిల్లోడు, మీసం ఇంకా తిరగలా.
సుత్తి దెబ్బలకి లేవలా.
స్టీలు బకెట్టు దొర్లితే లేవలా.
టీ తెచ్చిన పాప
వీడు బతికుండాడా అని వంగి చూసిపోయింది.

బతికే ఉండాడు.
నిద్రలోనే కుడిచెయ్యి
లేని లివర్ని
వెనక్కి లాగుతుండాది,
ఆగి,
మళ్ళీ ముందుకి తోస్తుండాది.

నేను గ్రీజు చేతుల్తోనే
మీటర్ని రోజులతో భాగించినా.
దగ్గర దగ్గర పద్నాలుగొచ్చింది.

బిల్లు రాసినా.
చక్రం, బుష్షులు, సీళ్ళు, గొట్టం, లేతు కూలి.
అడుగున, అదే పెన్నుతో, అదే వరసలో,
డ్రైవరు నిద్ర, రాత్రికి ఆరు గంటలు.
ఎదురుగా రూపాయల గడి ఖాళీగా వదిలేసినా.

ఏడుకొండలు కళ్ళద్దాలు పెట్టుకొని
పైనుంచి కిందికి చదివినాడు.
గన్‌మెటలు ధరకి నోరెత్తలా.
జిలానీ కూలికి తలూపినాడు.
ఆఖరి పద్దు కాడ వేలు ఆగింది.
నవ్వినాడు. నేను నవ్వలా.
"నాలుగు చేసుకో అన్నా, కోతల టైము" అన్నాడు.

ఐదుకి తెగింది.